ముసురులో మా అక్కయ్య ఊపిరి

మా అక్కయ్య పోయింది. రేపల్లె నుంచి ఫోను వచ్చేసరికి నేను తెనాలిలో మా వంటింట్లో పప్పు కడుగుతున్నాను. కబురు విని నేను అడిగిన మొదటి మాట, "ఊపిరాడలేదా?" అని. కాదన్నారు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కుర్చీలో కూర్చున్న మనిషికి గుండె ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం, కరెంటు ఉండగా, బయట ఎండ కాస్తూ ఉండగా. ఈ సంగతి అన్నిటికన్నా ముందు ఎందుకు రాస్తున్నానంటే, పలకరింపుకు వచ్చినవాళ్ళలో సగం మంది "ఆయాసంతోనే పోయిందటగా, పాపం, ఆ కొంపలో ఒక్కతీ ఉండబట్టి" అని నిట్టూర్చి వెళ్ళారు. వాళ్ళకు అక్కడే చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. ఆమె ఆయాసంతో పోలేదు. ఆయాసం సంగతి తేల్చేసి, ఆ తరవాత ఎప్పుడో తీరిగ్గా వేరే కారణంతో పోయింది.

అక్కయ్య అంటున్నాను గానీ ఆమె నా తోడబుట్టింది కాదు. నా తోటికోడలు, మా బావగారి భార్య. తోటికోడళ్ళ గురించి లోకం ఏమేం అనుకుంటుందో అవన్నీ మేమూ కొంతకాలం శ్రద్ధగానే చేశాం. నా పులుసులో ఆమెకు ఉప్పు ఎక్కువయ్యేది, ఆమె పెసరట్టు నాకు మందమయ్యేది. ఆ గొడవల మధ్యలోనే ఎప్పుడో, ఈ మనిషి లేకపోతే నాకు తోచదని తెలిసింది. మా కాపురం తెనాలికి మారింది. బావగారు పోయారు, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పెళ్ళై బాపట్ల వెళ్ళింది. అక్కయ్య మాత్రం రేపల్లెలో ఆ మేడ ఇంట్లోనే ఉండి వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు చేసి కొట్లకు వేసేది. చెరుకుపల్లి, భట్టిప్రోలు కొట్లలో కూడా ఆమె సరుకుండేది. పొద్దున్నే పాలగిన్నె ముట్టుకోకముందే మేడెక్కి ఆకాశం చూసేది. నీడ జరిగినకొద్దీ వడియాల పట్టాను కూడా జరుపుతూ, రోజంతా ఆ మేడ మీద ఎండ వెంట తిరిగేది.

ఎండ మీద బతికే మనిషికి దేవుడు ఇచ్చిన జబ్బు చూడండి, ముసురు పడితే చాలు ఊపిరి అందేది కాదు. మామూలు రోజుల్లో కూడా రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకునేది. ఆ సందులో మనం ఏదైనా అనబోతే అరచెయ్యి ఎత్తి ఆపేది. నా మాట ఇంకా అవలేదు, ఉండు, అని అర్థం. ఆ చెయ్యి ముందు మా ఆయన, కొట్లవాళ్ళు, డాక్టరు, అందరూ నోరు మూసుకోవలసిందే.

ఆ డాక్టరే ఆమెకు నెబ్యులైజర్ కొనమన్నాడు. మందును పొగలా చేసి మూతికి పెట్టుకున్న మాస్కులోంచి లోపలికి పంపే మిషను అది. బాగానే పనిచేసింది, కానీ అది నడవాలంటే కరెంటు కావాలి. మా వైపు చినుకు పడితే ముందు పోయేది కరెంటే. అందుకని ఒక ఇన్వర్టర్ కొన్నాం. ఒక ఏడు గాలివాన వచ్చి స్తంభాలు కూలి, రోజుల తరబడి కరెంటు రాలేదు. ఇన్వర్టర్ మర్నాటికే కుయ్యిమని మూలిగి ఊరుకుంది. మా ఆయన వ్యాను మాట్లాడుకుని వెళ్ళి, వేమూరు దగ్గర రోడ్డు మీద పారుతున్న నీళ్ళలోంచి ఆమెను తెనాలి ఆసుపత్రికి చేర్చారు. దిగేసరికి ఆమె పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆ రంగు నేను ఇంతవరకూ మరచిపోలేదు.

కోలుకున్నాక మా ఇంట్లో పంచాయతీ పెట్టాం. "వదినా, ఇకమీదట వానలు మొదలైతే ఇక్కడికి వచ్చెయ్యి. ఎండలొచ్చాక పోదువుగాని" అన్నారు మా ఆయన.

అరచెయ్యి లేచింది. "నేనేమన్నా కొంగనా అబ్బాయ్, కాలానికో చెరువు చూసుకోడానికి? నా ఇల్లుంది. నా పనుంది. ఊపిరి కూడా అక్కడే తీసుకుంటా."

"ఎట్టా తీసుకుంటావు? కరెంటు లేకపోతే ఆ మిషను నడవదు గదా" అన్నాను నేను.

"కరెంటు వాళ్ళింట్లోనే పుట్టిందా ఏంటి? ఇంకోచోట పుట్టిచ్చుకుందాం" అంది.

అలా మేడ మీదికి సోలార్ వచ్చింది. ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. అప్పట్లో మా వైపు ఇళ్ళ మీద సోలార్ అంటే వింతే. తెనాలిలో ఇన్వర్టర్లు అమ్మే కొట్టాయన మనుషుల్ని తెచ్చి, రెండు ప్యానెళ్ళను దక్షిణం వైపు ఏటవాలుగా నిలబెట్టాడు. మొదటిదాని తీగను రెండోదానికి, రెండోదాని తీగను కింద బ్యాటరీలకు, అంతా ఒకే వరసగా కట్టాడు. ఎంత చార్జింగ్ పారుతోందో చూపించే చిన్న ముల్లు మీటరు గోడకు బిగించాడు. వేసవి కదా, ముల్లు కుడివైపుకు ఒరిగి కదలకుండా ఉండేది. అక్కయ్య ప్యానెళ్ళను పలకలు అనేది. ఆమె ఫిర్యాదు ఒక్కటే, ఆ పలకలు వచ్చి మేడ మీద మంచి ఎండ పడే జాగా అంతా ఆక్రమించాయని.

ఆ జాగా బాధతోనే ఆమె చేసిన పని ఇంకెవరూ చేసి ఉండరు. ఒక పలక మీద పట్టా పరిచి మినప వడియాలు పెట్టేసింది! సాయంత్రం నాకు ఫోను. "అద్దం పెనంలా కాలుతోందే. ఒక్కపూటలో గలగలమంటన్నయ్ వడియాలు." సంబరం ఆమె గొంతులో. నాకూ బాగానే ఉందనిపించింది, అంతకన్నా మనకేం తెలుసు? మర్నాడు మళ్ళీ ఫోను. ఈసారి సంబరం లేదు. "పిల్లా, రాత్రి ఫ్యాను తిరగలా. మీటరు ముల్లు పండుకుంది. నేను కప్పింది ఒక పలకనే గదా? రెండోది ఏం చేస్తన్నట్టు?"

కొట్టాయన వచ్చి వడియాలు చూసి నెత్తి కొట్టుకున్నాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. "ఇది వడియాల పట్టా కాదండీ, అమ్మగారూ" అన్నాడు.

"తప్పు నాదే, ఒప్పుకున్నా. ఒక్కటి చెప్పయ్యా. ఒక పట్టా మీద నీడ పడితే పక్క పట్టా మీద వడియాలు ఎండటం మానేస్తయ్యా?"

"వీటి పద్ధతి అంతేనండి. ఒకటి ఆగితే రెండోది కూడా ఆగిపోద్దండి."

ఆయన పట్టా తీయించి వెళ్ళిపోయాడు. అక్కయ్య మాత్రం మేడ దిగలేదు. నీళ్ళ ట్యాంకు వైపు చూస్తూ నిలబడింది. మధ్యాహ్నం తిరిగాక ట్యాంకు నీడ వచ్చి ఒక పలక అంచు మీద పడింది. గోడ మీద ముల్లు పడిపోయింది. "చూశావా" అంది నాతో, "వడియాలు తీశా, ట్యాంకు పెట్టింది. మండు వేసవిలోనే పొద్దు గుంకకముందే మూట కడుతుంటే, వానాకాలంలో వచ్చే కాస్త వెలుగు కూడా ఇట్టా పోతే, మళ్ళా నన్ను వ్యానులో ఏసుకుపోతారు మీరు." ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపమే ఉంది. భయం ఉందేమోనని వెతికాను, కనిపించలేదు. ఉంటే నాకు చూపించే మనిషి కాదు.

ఇప్పుడు అల్లుడి గురించి చెప్పాలి. ఆయన బాపట్లలో కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. మా ఇళ్ళలో అత్తగారు అల్లుడి ఎదుట పడి మాట్లాడటం తక్కువ. మా అక్కయ్య అంతటి మనిషి కూడా పెళ్ళైన నాటి నుంచీ తలుపు వెనకే నిలబడి, "అమ్మాయ్, అల్లుడు గారిని భోజనానికి లెమ్మను" అని కూతురితో చెప్పించేది. ఆ నెలలో కూతురూ అల్లుడూ వచ్చారు. గారెలు వేయించింది. ఆయన పీట మీద కూర్చుని మొదటి గారె తుంచగానే, అక్కయ్య తలుపు వెనక నుంచి బయటికి వచ్చి ఎదురుగా నిలబడింది.

"అల్లుడు గారూ, మా పలకల్లో ఒకటి ఆగితే రెండోది ఎందుకాగుద్దండీ?"

పాపం ఆయనకు పొలమారింది. కూతురు "అమ్మా!" అంది. కానీ లెక్చరర్ గారికి ప్రశ్న కంటే రుచి ఏముంటుంది, గారెలు వదిలేసి చెప్పడం మొదలుపెట్టారు. మీ పలకల్ని సిరీస్‌లో కట్టారండీ, కరెంటు ఒకదానిలోంచి వెళ్ళి రెండోదానిలోంచి రావాలి, రెండోదాని మీద నీడ పడితే దారి మూసుకున్నట్టే, అన్నారు.

అక్కయ్య గాలిలో వేలితో ఒక గట్టు గీసింది. "అంటే మన కాలవ చివరి పొలాల కతే. నీళ్ళు పై మడిలోంచి కింది మడికి రావాలి. పైవాడు గట్టేస్తే కిందోడికి చుక్క దక్కదు."

"అంతేనండీ, అత్తయ్యగారూ."

"మరైతే మడికో బోదె తియ్యండి. దేని నీళ్ళు దానికి."

"దాన్ని పారలల్ అంటారండీ" అన్నారాయన. అప్పుడే చెప్పారు, అలా కడితే ఓల్టేజి సగమవుతుంది, కాబట్టి ఆ ఇన్వర్టర్ పనికిరాదు, మార్చాలి, బ్యాటరీలను కూడా పక్కపక్కనే పారలల్‌గా కట్టాలి, పారే కరెంటు రెట్టింపు అవుతుంది గనక తీగ లావుండాలి, పొడుగు తగ్గాలి అని. ఒకదాని కరెంటు ఎదురు తిరిగి ఇంకొకదానిలోకి పోకుండా పలకకో డయోడు కూడా పెట్టాలన్నారు. అదేమిటని ఆమె అడిగితే, నీళ్ళు వెనక్కి పోనివ్వని తలుపు అన్నారు. ఆమెకు ఇక చాలు.

మర్నాటి నుంచి అల్లుడు గారు లుంగీ ఎగగట్టి మేడ మీద, అత్తగారు నిచ్చెన పక్కన. వీధి వీధంతా చూసింది. ఎదురింటావిడ ఉండబట్టలేక అడిగింది. "అదేంటమ్మా, అల్లుడి చేత కూలిపని చేయిస్తన్నావా? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"మీ అల్లుళ్ళకు మీరు గారెలు పెట్టుకోండమ్మా. నా అల్లుడు నాకు ఊపిరి పెడతన్నాడు" అంది అక్కయ్య, గాలి పీల్చుకోకుండా ఒక్క గుక్కలో.

కొట్టాయన కూడా వచ్చాడు. మేం కట్టిన తీగలు మారిస్తే గ్యారంటీ ఉండదండీ అన్నాడు. "నా ఊపిరికి ఎవుడిచ్చాడయ్యా గ్యారంటీ?" అని, ఆయనకు కాఫీ ఇచ్చి, లావు తీగ ఎక్కడ దొరుకుతుందో ఆయన చేతనే చెప్పించుకుంది.

వాళ్ళిద్దరూ మేడ మీద పోట్లాడుకోకుండా పనిచేశారని మాత్రం నేను రాయను. పలకల మీద దుమ్ము కనబడిందని ఆమె కొబ్బరిపీచు, బూడిద తెచ్చి తోమబోతే, అత్తగారి చెయ్యి పట్టుకుని ఆపలేక, ఆ పెద్దమనిషి తోమబోయే పలకకు అడ్డంగా నిలబడి "గీతలు పడతయ్యండీ, నా మాట వినండీ" అని బతిమాలారు. బట్ట తడిపి తుడిస్తే చాలని ఒప్పించేసరికి పొద్దెక్కింది. మబ్బు పట్టిన ఒక రోజు ఆమె అడిగింది, "ఇయ్యాళ మనిషి నీడ కూడా ఎటూ పడటల్లేదు గదండీ. మరి ఈ పలకలు దక్షిణానికే మొహం పెట్టి ఎవురి కోసం చూస్తన్నయ్యండీ?" ఆయన ఆకాశం చూశారు, నవ్వారు. మబ్బు రోజు వెలుగు ఆకాశం నలుమూలల నుంచీ వస్తుందండీ, వెల్లకిలా పడుకోబెడితేనే ఎక్కువ పట్టుకుంటాయి, అన్నారు. అప్పటి నుంచి పలకల కింద ఇటుకలు పెట్టుకున్నారు. ఎండ రోజు ఇటుకలు పెట్టి లేపడం, ముసురు రోజు తీసి పడుకోబెట్టడం. ట్యాంకు నీడ పడని చోట ఒకటి, పొద్దున ఎండ ముందు తగిలే చోట ఒకటి. ఒకదానితో ఒకదానికి నిమిత్తం లేదు గనక ఎక్కడ పెట్టినా అభ్యంతరం లేదు. వడియాలకు కూడా జాగా మిగిలింది.

మళ్ళీ వాయుగుండం అని రేడియోలో చెప్పగానే నేను రేపల్లె బస్సెక్కాను. ఎలాగైనా లాక్కొచ్చెయ్యమని మా ఆయన చెప్పి పంపించారు. నేను దిగిన కాసేపటికే బస్సులు ఆగిపోయాయి. లాక్కెళ్ళడానికి వచ్చినదాన్ని నేనే అక్కడ ఇరుక్కుపోయాను. ఆమె పగలబడి నవ్వి, ఆ నవ్వుకే దగ్గొచ్చి కూర్చుంది. కరెంటు వెంటనే పోయింది. మర్నాడంతా ముసురు, ఆకాశం ఇంటి కప్పు మీదికి దిగినట్టుంది. నేను గోడ మీద ముల్లు చూశాను. పిసరంత లేచి ఉంది.

"ఎండ రాలా అక్కయ్యా" అన్నాను.

"రాలా అనకు. తక్కువొచ్చింది అను" అంది. ఆ మాట ఆమె ఎన్నిసార్లు అనేదో! నిజమే, వానలో తడుస్తూ ఆ రెండు పలకలూ దేని పిసరు అది సంపాదించి కిందికి పంపుతున్నాయి. పొద్దుట ఒకసారి మిషను పెట్టుకుంది. మధ్యాహ్నానికి ఆమె ఛాతీలో మళ్ళీ పిల్లికూతలు మొదలయ్యాయి. బ్యాటరీలో ఎంతుందో చూసుకుని, ఇక పెట్టుకుందామని మాస్కు చేతిలోకి తీసుకుంది. అప్పుడే వాకిట్లో ఎవరో పిలిచారు. మసీదు వీధిలో ఉండే దర్జీ భార్య, కూతురి భుజం పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకూ అక్కయ్య జబ్బే. మాట రావడం లేదు, మెడ నరాలు తాళ్ళలా లేస్తున్నాయి. ఆసుపత్రికి పోవాలంటే ఆటోలు లేవు.

"అక్కా, అమ్మకు... మీ మిషను..." అంది ఆ కూతురు.

అక్కయ్య లేచి తన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టింది. ఉడకబెట్టి ఆరబెట్టిన రెండో మాస్కు తీసింది. నాకు ఒళ్ళు మండింది, దాచను. "నీ సంగతేంటి? బ్యాటరీ అయిపోతే? నీకేమన్నా అయితే మీ మరిది నన్ను బతకనిస్తారా?" అన్నాను, ఆ తల్లీకూతుళ్ళు వింటుండగానే.

అరచెయ్యి లేచింది. గాలి కోసం చాలాసేపు ఆగి, అప్పుడు చెప్పింది. "దానికి ఇప్పుడు కావాలి. నాకు సాయంత్రం దాకా పర్లేదు. పైన పలకలు ఊరికే కూర్చోలేదే, పిల్లా."

ఆ మధ్యాహ్నం ఎంత పొడుగో నాకు తెలుసు. దర్జీ భార్య తేలికపడి, కూతురితో ఇంటికి వెళ్ళింది. అక్కయ్య గోడకు చేరగిలబడి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ఒక్కో ఊపిరీ లాక్కుంటూ కూర్చుంది. నేను తడుస్తూ మేడెక్కి పలకల మీద పడిన ఆకులు తుడిచాను, దిగాను, ముల్లు చూశాను, మళ్ళీ ఎక్కాను. అంతకుమించి నా చేతిలో ఏముంది? చీకటి పడబోయే ముందు మాస్కు ఆమె మూతికి పెట్టి మీట నొక్కాను. ఇన్వర్టర్ మూలగలేదు. మిషను బుర్రుమని మొదలై, మందంతా అయిపోయేదాకా ఆగకుండా నడిచింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాస్కులోంచే నన్ను చూసి, కన్ను గీటింది.

ఆ తరవాత ఆమెను తెనాలి తీసుకుపోయే ప్రయత్నం మేమెవరం చెయ్యలేదు. ముసురు పడితే ఆ వీధి ఆడవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు, ఎవరి మాస్కు వాళ్ళు కొంగున దాచుకుని రావడం అలవాటైంది. ఆమె దీన్ని సేవ అని ఎప్పుడూ అనలేదు. ఎవరైనా అంటే చిరాకుపడేది. "ఊపిరి పీల్చుకోడం కూడా సేవేనా, పో" అనేది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి చీరలూ నగలూ ఏం సంపాదించుకున్నానో గుర్తు లేదు గానీ, ఈమెను మాత్రం సంపాదించుకున్నాను.

పెద్దకర్మ రోజున మళ్ళీ ముసురు. మా ఆయనే కర్మ చేస్తున్నారు. పొద్దుట కాఫీల దగ్గరే మా చిన్నమామగారు ఒకాయన ఎత్తుకున్నారు, "ఇంక ఆ పలకలూ బ్యాటరీలూ దించేసి తెనాలిలో కొట్టుకు ఇచ్చేస్తే సరి, ఎవరు వాడతారు?" అని. వద్దన్నాను. వినిపించుకోలేదు. కూతురు ఏడుస్తోంది, అల్లుడు గారు మేడ వైపు చూస్తూ కూర్చున్నారు. సగం కార్యం అయ్యేసరికి కరెంటు పోయింది. సోలార్ తీగ మిషనుకూ ఫ్యానుకే గనక, ముసురు చీకట్లో గదిలో దీపం వెలుగు తప్ప ఏమీ లేదు. అప్పుడు గుమ్మంలో దర్జీ భార్య కనిపించింది. ఇంటినిండా చుట్టాలు, మధ్యలో పిండాలు, పురోహితుడు. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఆ వీపు పైకీ కిందికీ ఎలా ఎగిసిపడుతోందో నేను చూశాను.

లేచి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "రామ్మా లోపలికి."

"వొద్దమ్మా... ఇయ్యాళ... మళ్ళా వస్తా..." అంది.

"కాసేపు ఆగమనమ్మా" అన్నారు చిన్నమామగారు, "కార్యం మధ్యలో ఆ మిషను మోత ఏంటి?"

"పిండానికి తొందరేముంది మామయ్యగారూ? తొందర ఈమెది" అన్నాను. ఆయన ముందు అంత గొంతు నేనెప్పుడూ ఎత్తలేదు. చుట్టాలను జరిపి, ఆమెను తీసుకొచ్చి అక్కయ్య కుర్చీలో కూర్చోబెట్టి, మాస్కు పెట్టి, మీట నొక్కాను.

మిషను బుర్రుమంది. పురోహితుడు చదువుతున్న మంత్రం ఆ మోతలో వినిపించక, ఆయన ఆగారు. మా ఆయన చేతిలోని దర్భ పక్కన పెట్టారు. తెల్లటి పొగ ఆమె ముఖం చుట్టూ లేచింది. మందు అయిపోయి నేను మిషను ఆపాక కూడా, అందరం అలాగే కూర్చుని, ఆమె ఊపిరిలో పిల్లికూత సన్నబడుతూ సన్నబడుతూ పోవడం విన్నాం.